కొర్రవానివలస వెదురు తుపాకులు

మన కొండల్లో తుపాకి మాట వస్తే ముందుగా గుర్తుకొచ్చేది అల్లూరి సీతారామరాజు. ఆయన పోరాటానికి 22 ఏళ్ళ ముందే మన సాలూరు తాలూకాలో గిరిజనులు తెల్లదొరల తుపాకులకు ఎదురు నిలిచారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి వెదురు తుపాకులు.

1900లో కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర చుట్టూ నాలుగైదు వేల మంది చేరారు. తాను పాండవుల్లో ఒకరి అవతారమని, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడని, ఇంగ్లీషువాళ్ళను తరిమి రాజ్యమేలుతానని ఆయన చెప్పాడు. వెదుర్లు మంత్రంతో తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళవుతాయని జనం నమ్మారు. వెదుర్లను తుపాకుల్లా చెక్కి కవాతు చేశారు. పాచిపెంటను దోచుకుంటామని కబురు పంపారు. సంగతి చూడవచ్చిన పోలీసుల్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు దెబ్బలకు చనిపోయారు. మే 7 తెల్లవారుజామున రిజర్వు పోలీసులు శిబిరం మీద పడ్డారు. కాల్పుల్లో 11 మంది నేలకొరిగారు. 60 మంది మీద విచారణ జరిగింది. మల్లయ్య జైల్లోనే కన్నుమూశాడు, ఇద్దరిని ఉరి తీశారు.

ఈ కథ 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో ఉంది. రాసింది సర్కారు అధికారి. మనవాళ్ళ మాట అందులో లేదు.

వెదురుతో తుపాకి చెక్కుకోవలసిన గతి ఎందుకు పట్టింది? 1878 ఆయుధాల చట్టం కింద భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. అంటే ఆనాటి లెక్క మనల్ని నిరాయుధులుగా ఉంచడానికి పెట్టిన లెక్క. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. తీసుకున్నవాటి వివరం స్టేషన్ రికార్డులో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడని చెబుతారు. తిరగబడినవాడు కూడా ఆయుధానికి జవాబుదారీ వహించాడు. ఈ మాట మనం గుర్తుంచుకోవాలి.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. ఇందులో జాతి మినహాయింపు లేదు. పంటను అడవి పందుల నుంచి కాపాడుకునే రైతు, మందు దట్టించి పేల్చే నాటు తుపాకికి కూడా లైసెన్సు అడగవచ్చని ఈ చట్టమే చెబుతోంది. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన వేట చెల్లదు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని నిషేధించింది.

లైసెన్సు తుపాకికి నంబరు ఉంటుంది, యజమాని ఉంటాడు, గడువు ఉంటుంది. తాళం వేసి, తూటాలు వేరుగా దాచడం, ఇంకొకరికి ఎరువివ్వకపోవడం యజమాని బాధ్యత. పెళ్ళిలో, జాతరలో సరదాకు పేల్చి ఎవరినైనా ప్రమాదంలో పడేస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు.

లైసెన్సు లేని తుపాకి అలా కాదు. ఉంచుకుంటేనే నేరం, రెండు నుంచి ఐదేళ్ళ శిక్ష. నాసి గొట్టం పగిలితే పోయేది పేల్చినవాడి చెయ్యీ కన్నూ. పొదల్లో కదిలింది జంతువనుకుని పేల్చితే తోటి మనిషి పోవచ్చు. పైగా ఏజెన్సీలో ఒక్క ఇంట్లో అలాంటి తుపాకి దొరికితే అనుమానం ఊరంతటి మీద పడుతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తాతల నాటి తుపాకి అటక మీద కనబడితే దాచవద్దు, అడవిలో పారవేయవద్దు. లైసెన్సుదారు పోయినా, గడువు తీరినా ఆలస్యం చేయకుండా స్టేషన్లో అప్పగించాలని చట్టం చెబుతోంది. అసలు కాగితమే లేకుంటే ముందు వకీలును అడగండి. 1987 చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వెళ్ళేటప్పుడు పెద్దలను వెంట తీసుకువెళ్ళండి.

కొర్రవానివలసలో మనవాళ్ళు మంత్రాన్ని నమ్మి తూటాలకు ఎదురు వెళ్ళారు. చట్టం తెలిసిన వకీలు వాళ్ళ పక్కన లేడు. ఈనాడు మనకు ఆ వకీలు ఉన్నాడు, చదువు ఉంది. మల్లయ్యకు దొరకని ఆ బలాన్ని మనం వాడుకోవాలి.