మిగులుదారపు చారలు

ఉన్నిదారముతో కొక్కెపుసూదిచే అల్లిన దుప్పటిపై ఎఱుపు, నీలము, పసుపు చారలు వరుసగా నుండుట చూచి, అది అందమునకై చేసిన పని యని మనము తలంతుము. పలుమాఱు అది లేమి నేర్పిన లెక్క.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941 జూన్ 1వ తేదీని, ఇంగ్లండులో బట్టలకు రేషను పెట్టిరి. తొలియేట మనిషికి 66 కూపనులు. అల్లిక యున్నికి గూడ కూపను చెల్లింపవలసినదే. 1943లో ప్రభుత్వమువారు, ఉన్నదానితో సరిపెట్టుకొని చినిగినదానిని బాగుచేసికొనుడని బోధించు చిన్న పుస్తకమును ప్రకటించిరి. ఇల్లాండ్రు ప్రాత ఉన్నిచొక్కాయల అల్లిక విప్పి, దారమును చిలపలుగా చుట్టి, ఉతికి, మెలికలు పోవునట్లు బరువు కట్టి ఆరవేసెడివారు. తండ్రి చొక్కాయనుండి వచ్చినది కొంత, బిడ్డ మేజోళ్లనుండి వచ్చినది కొంత. ఏ యొక్క రంగును దుప్పటియంతకు చాలదు. రంగు తీరినచోట చారయు తీరెడిది.

తునకదారమునకు రెండు సూదుల అల్లికకంటె క్రోషే యనుకూలము. అందు వరుసలోని కుట్లన్నియు సూదిపై నిలిచియుండును. ఇందు కొక్కెముపై సాధారణముగా నొక్క ఉచ్చే యుండును. వరుసలోని చివరికుట్టును ముగించు వేళ, ఆఖరిమాఱు దారము లాగుచోట, ప్రాతరంగు విడిచి క్రొత్తరంగును లాగిన చాలును. చార యంచు తిన్నగా వచ్చును. మిగిలిన కొసను పైవరుస కుట్లలో కప్పివేయుదురు. క్రోషే దారమును హెచ్చుగా మ్రింగునను మాట నిజమే. చొక్కాయ అల్లువారికి అది నష్టము. తునకలు పోగుచేసినవారికి ఆ చింత లేదు. ఆ రేషను 1949 మార్చి 15న తొలగినది.

ఈ కొక్కెపుసూదియే పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వెంట మన గోదావరీతీరమందలి నరసాపురమునకు వచ్చినది. అచ్చటి కథ వేఱు. దారము వర్తకునిది, అల్లిన లేసును వర్తకునిదే. స్త్రీది చేతిపని మాత్రము. జర్మను విదుషి మారియా మీస్ ఆ స్త్రీలనుగూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె పరిశీలించిన కాలమున గంటలకొలది అల్లినను దినమునకు రూపాయి కూలి రాలేదు. పైగా వారిని పనివారుగా గాక, తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగా నెంచిరి. కూలి తక్కువకంటె ఈ యెంచుటయే నాకు హెచ్చు అన్యాయముగా తోచుచున్నది. పనివారు కానివారికి కూలి పెంచుమని యడుగు వా రెవరు?

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. మీ యూళ్లలో లేసు అల్లు ఇండ్లున్నచో, ఆ యమ్మలకు దారమెంత యిచ్చిరో, కూలి యెంత కట్టిరో అడిగి, తేదీతో వ్రాసి యుంచుడు.