లారీ చక్రాల మొండి నట్లు: విప్పే పనిముట్లు

లారీలు, బస్సులు, ట్రెయిలర్ల చక్రాలను హబ్బుకు పట్టి ఉంచే నట్లు తుప్పు వల్లనో అతి బిగింపు వల్లనో పట్టేసినప్పుడు వాటిని విప్పడానికి వాడే సాధనాలు స్థూలంగా మూడు తరహాలు: చేతి పానాలు, గేర్లతో బలం పెంచే పెట్టెలు, గాలితోనో బ్యాటరీతోనో దెబ్బ వేసే గన్నులు. నూనెలు, మంట వీటికి తోడు. ‘పానా’ అనే మాట మరాఠీలోనూ ఇదే అర్థంలో ఉంది. మనకు అది హిందుస్తానీ మాట్లాడే షెడ్ల నుంచి వచ్చి ఉండవచ్చు.

నట్టు, బిగింపు

నేటి భారీ లారీల్లో తరచుగా కనిపించేది 22 మి.మీ. స్టడ్, దాని మీద 32 లేదా 33 మి.మీ. నట్టు. పెద్ద చక్రానికి సాధారణంగా పది ఉంటాయి. బిగింపు ఉజ్జాయింపుగా 600–700 న్యూటన్ మీటర్లు. కచ్చితమైన అంకెకు ఆ బండి తయారీదారు పుస్తకమే ప్రమాణం. అర మీటరు ఎల్ పానా చివర 80 కిలోల మనిషి నిలబడితే వచ్చే బలం సుమారు 390 న్యూటన్ మీటర్లు. దానికి పైపు తొడిగి మీటరు పొడవు చేస్తే 785. అంటే కొలత ప్రకారం బిగించిన నట్టుకు పైపు చాలు. పట్టేసిన నట్టు బిగింపుకు రెట్టింపు, ఒక్కోసారి అంతకుమించి అడుగుతుంది. పైపు వంగేది, పానా జారేది, క్లీనర్ నడుము పట్టేది అక్కడే.

నట్టు పట్టేయడానికి షెడ్లలో మొదట తుప్పునే తిడతారు. విశాఖపట్నం, కాకినాడ రేవుల చుట్టూ ఉప్పుగాలిలో తిరిగే బండ్ల విషయంలో అది న్యాయమే. కానీ కొలత లేకుండా గన్నుతో ‘ఆగేదాకా’ బిగించడమే పెద్ద కారణమన్న వాదన ఎక్కువ నమ్మదగినదిగా ఉంది. అలా బిగించిన స్టడ్ సాగి మర చెడుతుంది, ఆ తర్వాత ఏ నూనెకూ లొంగదు.

తిప్పే దిశ

పనిముట్టు ఎంచుకునే ముందు తేల్చుకోవలసినది ఇది. పాత లారీల్లో చాలావాటికి క్లీనర్ వైపు, అంటే ఎడమ వైపు, చక్రాలకు ఉల్టా మర ఉండేది. చక్రం తిరుగుడుకు నట్టు తనంతట తాను వదులు కాకుండా చేసిన ఏర్పాటు అది. సైకిలు ఎడమ పెడలుకు ఎడమ మర ఉండేదీ ఇందుకే. చక్రం హబ్బు మీదే కూర్చుని, వాషరు కలిసిన చదును నట్లతో బిగిసే పద్ధతి వచ్చాక రెండు వైపులా కుడి మరే సర్వసాధారణమైంది. అయితే పాత బండ్లు ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. స్టడ్ చివరనో నట్టు మీదనో ‘ఎల్’ గుర్తు ఉంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మట్టి, గ్రీజు తుడిచి ఆ గుర్తు చూడకుండా గన్ను పెట్టినవాళ్లు విప్పుతున్నామనుకుని బిగిస్తారు. మొండి నట్లుగా పేరుబడ్డవాటిలో కొన్ని నిజానికి ఇవే.

సాకెట్

గన్ను ధర గురించి గంటసేపు బేరమాడేవారు సాకెట్ గురించి ఆలోచించరు. ఆరు మూలల లోతు సాకెట్ నట్టు ముఖాలను నిండుగా పడుతుంది. పన్నెండు మూలలది మొండి నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది. 32 నట్టుకు 33 సాకెట్ పెట్టడమూ అంతే చేటు. తళతళలాడే క్రోమ్ పూత సాకెట్లు చేతి పానాలకు చేసినవి. గన్ను దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. గన్నుకు క్రోమ్-మాలిబ్డినం ఉక్కుతో చేసిన నల్ల సాకెట్లే వాడాలి.

గేర్ల పెట్టె

టార్క్ మల్టిప్లయర్‌గా బజారులో దొరికే ఈ సాధనంలో ఉన్నవి సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరిగే గేర్లు. 1:58 నిష్పత్తి ఉన్నదానిలో పిడిని 58 సార్లు తిప్పితే నట్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. రాపిడిలో పోయేది పోగా మిగిలే బలం కూడా ఏ లారీ నట్టుకైనా సాధారణంగా సరిపోతుంది. నట్టు పట్టు వీడడానికి పావు చుట్టు, అంటే పిడి మీద సుమారు పదిహేను చుట్లు, చాలు. మిగతాది మామూలు పానా పని. కరెంటు, కంప్రెసర్ లేని జాతీయ రహదారి పక్కన ఒంటరి డ్రైవరుకు ఇంతకు మించినది లేదు.

దీని కీలకం ఎదురుకాలు. తిప్పే బలమంతా పక్క నట్టుకు ఆనించిన ఆ కాలు మీద పడుతుంది. అది జారితే పిడి చేతిని విరిచేంత వేగంతో వెనక్కి తిరుగుతుంది. వెనక జంట చక్రాలకు పొడుగు గొట్టం కావాలి, అది లేనిది కొనడం దండగ. చవక రకాల్లో గేరు పళ్లు రాలిపోతాయి. బలం చేతికి తెలియదు గనుక, ఎంత తిప్పినా నట్టు కదలకపోతే దిశ తప్పుగా ఉందేమో చూడాలి, లేకపోతే స్టడ్ తెగుతుంది.

గన్నులు

దెబ్బలతో తిప్పే గన్ను 1930ల నాటిదన్నంత వరకు పెద్ద పేచీ లేదు. ఘనత ఎవరిదన్న చోటే మాటలు వేరవుతాయి: అమెరికాలోని ఇవాన్స్‌విల్‌కు చెందిన రాబర్ట్ పాట్ పేరు ఒక పక్క, ఇంగర్‌సోల్-రాండ్ కంపెనీ పేరు మరో పక్క వినిపిస్తాయి.

లారీ పనికి ఒక అంగుళం చదరపు కొన ఉన్న గాలి గన్నే పెద్ద టైరు షాపుల సాధనం. ముప్పావు అంగుళానిది నడిమి రకం, కారు షెడ్డులోని అరంగుళానిది ఇక్కడ చాలదు. గన్ను మంచిదైనా సన్నటి గొట్టం దాని ఊపిరి బిగబడుతుంది. అంగుళం గన్నుకు ముప్పావు అంగుళం లోపలి వ్యాసమున్న గొట్టం, గన్ను దగ్గర ఆరు బార్లకు తగ్గని ఒత్తిడి ఉండాలి. అతుకు రాడ్డు పెట్టిన కొద్దీ దెబ్బ మెత్తబడుతుంది కాబట్టి లోతు చక్రాలకు కొన పొడవుగా ఉన్న గన్నే మేలు. 18 వోల్టుల బ్యాటరీ గన్నులు సంచార మెకానిక్కులకు బాగా నచ్చుతున్నాయి. పెట్టె మీద అచ్చువేసిన టార్క్ అంకెలు మాత్రం అనుకూల పరిస్థితుల్లో కొలిచినవి. కొంత తగ్గించి చదువుకోవాలి.

నూనెలు, మంట

డబ్ల్యూడీ-40 అందరికీ తెలిసిన పేరు. 1953లో శాన్ డియాగోలోని రాకెట్ కెమికల్ కంపెనీలో తయారైంది. నార్మన్ లార్సెన్ చేశాడని కొందరు, ఐవర్ నార్మన్ లాసన్ చేశాడని మరికొందరు. ఎవరు చేసినా అది నీటిని తరిమే ద్రవంగా పుట్టింది, పేరులోని రెండక్షరాల అర్థం అదే. తుప్పులోకి ఇంకడానికే చేసిన నూనెలు ఈ పనికి దానికన్నా నయం. మన షెడ్లలో కిరోసిన్, డీజిలు, బ్రేక్ ఆయిలు పోయడం పాత అలవాటు. ఏది పోసినా రాత్రంతా నాననివ్వాలి, బ్రేక్ డ్రమ్ములోకి కారనివ్వకూడదు.

టైరు ఉన్న చక్రం మీద గ్యాస్ మంట పెట్టడం ఏ పరిస్థితిలోనూ తగదు. వేడికి రబ్బరు నుంచి మండే వాయువులు పుట్టి టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు. రింగు ఉన్న ముక్కల రిమ్ముల విషయంలో నట్లు పూర్తిగా ఊడదీసే ముందే గాలి తీయాలి. ఆఖరి మార్గం నట్టును ఉలితోనో నట్టు చీల్చే సాధనంతోనో చీల్చడం. స్టడ్ తెగితే దానితోపాటు అటూ ఇటూ ఉన్న స్టడ్లను కూడా మార్చాలన్నది ఎక్కువమంది పాటించే నియమం.

ఏ సాధనమైనా చక్రం నేల మీద ఉండగానే నట్ల పట్టు విడిపించి, తర్వాతే జాకీ ఎత్తాలి. తిరిగి బిగించేటప్పుడు గన్నును చేతిబిగువు వరకే వాడి, చివరి బిగింపు టార్క్ పానాతో ఇవ్వాలి. 80 నుంచి 160 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూడాలి.