చికాగో ఉపాధ్యాయినులు తిరుగవేసిన దస్తరములు

తెలుగు పంతుళ్ల ఖాళీలకై అర్జీలు పెట్టుకొను మన కుటుంబములకు "నిధులు లేవు" అను మాట క్రొత్తది కాదు. అమెరికాలోని చికాగో నగర విద్యామండలియు 1900 ప్రాంతమున ఆ మాటయే చెప్పి, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయినులకు అంతకుముందే మంజూరైన జీతపు పెంపుదలను రద్దుచేసెను.

1897లో ఏర్పడిన వారి సంఘము మహజరులతో ఊరకుండలేదు. నాయకురాండ్రగు మార్గరెట్ హేలీ, కేథరిన్ గాగిన్ పన్నుల దస్తరములు తిరుగవేసిరి. గుమాస్తాగిరిలో తల నెరసిన మాకు ఈ ఘట్టమే మిక్కిలి ప్రియము. ఖర్చును కోయువారు జమవైపు చూడనేలేదు! నగరవీధులను వాడుకొను హక్కు పొంది లాభములార్జించుచున్న ట్రాము, గ్యాసు, విద్యుత్తు, టెలిఫోను కంపెనీలు ఆ హక్కు విలువపై పన్ను కట్టుటలేదని తేలెను. సంఘము వ్యాజ్యమునకు దిగెను. 1901లో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. కంపెనీలు మరియొక కోర్టులో కొంత తగ్గించుకొన్నను, విద్యామండలి వంతునకు సుమారు 2,50,000 డాలర్లు వచ్చెను.

మండలి ఆ సొమ్మును జీతములకు గాక ఇతర ఖర్చులకు మళ్లించెను. ఉపాధ్యాయినులు మరల కోర్టుకెక్కిరి. 1904లో న్యాయమూర్తి ఎడ్వర్డు డన్ వారికి బకాయి చెల్లింపవలెనని తీర్పిచ్చెను. మరుసటి యేడు ఆయన నగర మేయరుగా ఎన్నికయ్యెను. ఆయనకు ఓటు వేయు హక్కు మాత్రము ఆ ఉపాధ్యాయినులకు లేదు. నగరపు ఎన్నికలలో స్త్రీలకు అది 1913లో గాని లభింపలేదు.