మందు ధరలో రోగి వంతు : అమెరికా సహాయ పథకాల చరిత్ర

సంఘం వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తులు చూసే బాధ్యత కొంతకాలంగా మా మీద ఉన్నది. దవాఖానా చీటీ, మందుల బిల్లు జతచేసి తెచ్చిన వారికి నిధిలో ఉన్నంతలో ఇచ్చి పంపుతాము. ఇచ్చిన ప్రతిసారీ మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఈ రూపాయలు రోగికి చేరినట్టా, మందు అమ్మిన కంపెనీకి చేరినట్టా? ఈ ప్రశ్న చాలా పెద్ద ఎత్తున ఎదురైన దేశం అమెరికా. హెచ్.ఐ.వి. మందుల కోసం అక్కడ పుట్టిన సహాయ పథకాల సంగతి మన సభ్యులకు, ముఖ్యంగా పిల్లలు ఆ దేశంలో ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాల వారికి తెలియవలసినదని ఈ వ్యాసం రాస్తున్నాము. జబ్బు పేరు చూసి పేజీ తిప్పేయవద్దని మనవి.

ఈ జబ్బుకు వచ్చిన మొదటి మందు ఏ.జడ్.టి. దీనిని 1964లో జెరోమ్ హార్విట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రభుత్వ ధనసహాయంతో కాన్సర్ కోసం తయారుచేశారు. కాన్సర్‌కు పనికిరాక మూలపడింది. ఇరవై ఏళ్ల తరువాత అది హెచ్.ఐ.వి. మీద పనిచేస్తుందని తేలి, 1987 మార్చిలో అనుమతి వచ్చింది. బరోస్ వెల్‌కమ్ కంపెనీవారు దానికి పెట్టిన ధర ఏడాదికి సుమారు 10,000 డాలర్లు. మందు దొరికిందన్న సంతోషం ధర విన్నాక నిలవలేదు. అదే సంవత్సరం అమెరికా పార్లమెంటు కొనలేని వారి కోసం 3 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు మంజూరు చేసింది. సహాయ పథకాలకు అది నాంది. 1989 సెప్టెంబరులో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలోకి కొందరు చొరబడి నినాదాలు చేస్తే, కొద్ది రోజుల్లోనే కంపెనీ ధరను 20 శాతం తగ్గించింది. అంటే అది తగ్గించడానికి వీలున్న ధరేనన్నమాట!

ఇక్కడ ఒక బడిపిల్లవాడి కథ చెప్పాలి. ఉపాధ్యాయులం గనుక దీనిని తొందరగా దాటిపోలేము. ఇండియానా రాష్ట్రంలో కొకోమో అనే ఊరిలో రయన్ వైట్ అనే బాలుడు ఉండేవాడు. పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. దానికి వాడే రక్తపు మందు ద్వారా హెచ్.ఐ.వి. సోకింది. 1984 డిసెంబరులో సంగతి బయటపడేనాటికి అతనికి 13 ఏళ్లు. మరుసటి ఏడాది బడివారు రానివ్వమన్నారు. ఇంట్లో టెలిఫోను చెవిదగ్గర పెట్టుకుని పాఠాలు విన్నాడట. తల్లి కోర్టుకెక్కి గెలిచి బడిలో కూర్చోబెడితే, కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలను తీసుకుని వేరే బడి పెట్టుకున్నారు. ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు ఎంత చెప్పినా వినలేదు. చివరికి 1987లో ఆ కుటుంబం సిసిరో అనే ఊరికి మారింది. అక్కడి బడిలో ఇతను రాకముందే పిల్లలకు జబ్బు గురించి పాఠం చెప్పి ఉంచారు. మొదటి రోజున అక్కడివారు అతనితో చేతులు కలిపారు. రెండు ఊళ్లకూ మధ్య దూరం ఎంతో లేదు. తేడా అంతా చెప్పినవారిలో ఉన్నది. రయన్ 1990 ఏప్రిల్‌లో, 18 ఏళ్ల వయసులో చనిపోయాడు. నాలుగు నెలలకు, ఆగస్టులో, అతని పేరుతో చట్టం వచ్చింది. రాష్ట్రాల ద్వారా బీదవారికి హెచ్.ఐ.వి. మందులిచ్చే పథకం ఆ చట్టం కిందే స్థిరపడింది. దానిని ఆడాప్ అంటారు.

1996 నుండి మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. చావు తప్పింది, కాని మందు జన్మంతా మింగాలి. ఖర్చు కూడా జన్మంతా. ఆడాప్‌కు ఏటా ఇచ్చే డబ్బుకు పరిమితి ఉండటం వల్ల 2011లో 9,000 మందికి పైగా పేర్లు రాయించుకుని వరుసలో నిలబడవలసి వచ్చింది.

ఇక బీమా ఉన్నవారి సంగతి. అక్కడ బీమా ఉన్నా మందు ఉచితం కాదు. ఏడాది మొదట్లో ఒక మొత్తం వరకు రోగే భరించాలి. దానిని డిడక్టిబుల్ అంటారు. అది తీరాక కూడా ప్రతి కొనుగోలుకు కొంత కట్టాలి. అది కోపే. బిక్టార్వీ అనే రోజుకొక మాత్ర 2018లో వచ్చినప్పుడు దాని ధర నెలకు దాదాపు 3,000 డాలర్లు ఉండేది. అందులో కొంతే కట్టమన్నా మామూలు జీతగాడికి భారమే. అందుకని మందుల కంపెనీలే కార్డులు ఇస్తాయి. కార్డు చూపితే రోగి వంతు కంపెనీ కడుతుంది. వినడానికి దాతృత్వమే. హిసాబు వేసి చూడండి. రోగి తరఫున కొంత వదులుకుని మిగిలిన పెద్ద మొత్తాన్ని బీమావారి నుండి రాబట్టుకుంటుంది. రోగికి ధర తెలియదు, నోరెత్తడు. ప్రభుత్వ బీమా ఉన్న వృద్ధులకు, బీదలకు ఈ కార్డు చెల్లదు. ప్రభుత్వ సొమ్ముతో సాగే కొనుగోలుకు ఎర చూపడం లంచం కిందికి వస్తుందని అక్కడి చట్టం. వారికి ధర్మసంస్థలు, ఆడాప్ దిక్కు.

బీమా కంపెనీలూ ఊరుకోలేదు. ఇటీవలి సంవత్సరాలలో అక్యుములేటర్ అనే ఉపాయం తీశాయి. కార్డుతో కట్టిన డబ్బు రోగి కట్టినట్టు లెక్కలోకి రాదంటాయి. మా దగ్గర చదువుకుని అక్కడ మందుల దుకాణంలో పనిచేస్తున్న శిష్యుడొకరు మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు చెప్పారు. "సార్, జనవరి నుండి కార్డు మీద మందు తీసుకుంటారు. మే నెలలో కార్డులో డబ్బు అయిపోతుంది. డిడక్టిబుల్ చూస్తే ఒక్క డాలరూ తగ్గి ఉండదు. కౌంటరు దగ్గర నిలబడి, తరువాత వస్తామని వెళ్లిపోతారు. కొందరు రారు." రెండు కంపెనీల పంతంలో మాత్ర ఆగిపోయేది ఆ మనిషికే. మాత్రలు మానితే వైరస్సు మళ్లీ తలెత్తుతుంది. 2023 సెప్టెంబరులో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు ఈ పద్ధతిని అనుమతించిన 2021 నాటి ప్రభుత్వ నిబంధనను కొట్టివేసింది. 20కి పైగా రాష్ట్రాలు దీన్ని అడ్డుకుంటూ చట్టాలు చేశాయి. అయినా అంతటా ఆగలేదు. అక్కడున్న మన పిల్లలు ఏ జబ్బుకైనా సరే, బీమా ఎంచుకునేముందు కార్డు డబ్బు లెక్కలోకి వస్తుందా అని అడగాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారికైతే ఆడాప్ మందులే కాక, చాలా రాష్ట్రాలలో కోపేను, బీమా కిస్తులను కూడా కడుతుంది. బీమా ఉన్నది గదా, మనకు రాదని అనుకోవద్దు.

మన దేశం మరో దారిన నడిచింది. 1970 నాటి పేటెంటు చట్టం మందు మీద కాక, దానిని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. కాబట్టి 2005 దాకా వేరే పద్ధతిలో చేసుకునే వీలుండేది. మన హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి.లో డాక్టర్ ఎ.వి. రామారావుగారు ఏ.జడ్.టి. తయారీకి అలాంటి పద్ధతి రూపొందించి సిప్లా కంపెనీకి ఇచ్చారు. ఖ్వాజా అబ్దుల్ హమీద్ సాహెబు 1935లో స్థాపించిన కంపెనీ అది. వారి కుమారుడు యూసుఫ్ హమీద్‌గారు 2001 ఫిబ్రవరిలో మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామన్నారు. అప్పటికి పాశ్చాత్య దేశాల్లో అదే చికిత్స 10,000 డాలర్ల పైమాటే. 2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వం మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఎక్కువ కేసులున్న రాష్ట్రాల దవాఖానాలలో ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడ కార్డు లేదు, కోపే లేదు. వరుసలో నిలబడాలి, అంతే.

అమెరికా కూడా ఈ చవక మందుల విలువ ఎరగనిది కాదు. ఆఫ్రికా రోగుల కోసం 2003లో పెట్టిన సహాయ పథకానికి మన హైదరాబాదు అరబిందో, హెటెరో కంపెనీల మందులను తమ ఔషధ శాఖ చేత పరీక్ష చేయించి కొన్నది. అమెరికా సొమ్ముతో కొన్న హైదరాబాదు మాత్ర ఆఫ్రికా పల్లెలకు వెళ్లింది. పేటెంటు తీరేదాకా అదే మాత్ర అమెరికా మందుల దుకాణం అరలోకి రావడానికి వీలులేదు.