తిమింగలం ఆనవాలు పట్టిన కెమెరా

దక్షిణ సముద్రాల తిమింగలాలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతాయో తెలుసుకోవాలని 1930ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు నంబరు చెక్కిన ఉక్కు గొట్టాలను తుపాకీతో వాటి ఒంట్లోకి పేల్చేవారు. వాటిని ‘డిస్కవరీ’ గుర్తులు అనేవారు. ఆ నంబరు మళ్లీ చదవాలంటే తిమింగలం వేటలో చావాలి. కొవ్వు కోసేటప్పుడో, ఉడికించేటప్పుడో గొట్టం బయటపడేది. చంపకుండా ఆనవాలు పట్టే దారి కెమెరాతో దొరికింది.

నిజానికి కెమెరా అప్పటికే నీళ్లలోకి దిగింది. ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లూయీ బుటాన్ 1893లో బాన్యుల్స్ తీరంలో నీటి అడుగున ఫొటోలు తీశాడు. 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుగులో రంగుల ఫొటో తీశారు. అందులో ఉన్నది చిన్న చేప. భారీ జంతువుతో చిక్కు వేరు: మొత్తం ఒళ్లు పట్టాలంటే దూరం జరగాలి, జరిగినకొద్దీ మధ్యలో నీరు పెరిగి బొమ్మ మసకబారుతుంది. అందుకే పరిశోధకులు నీటిపైకి తేలిన భాగాన్నే నమ్ముకున్నారు.

1970లో రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త అర్జెంటీనాలోని వాల్డేస్ ద్వీపకల్పం దగ్గర రైట్ తిమింగలాలను తలమీది గరుకు మచ్చలతో పోల్చుకోవడం మొదలుపెట్టాడు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో స్టీవెన్ కటోనా బృందం హంప్‌బ్యాక్ తిమింగలాల తోక అడుగుభాగాన్ని ఫొటో తీసింది. అక్కడి నలుపు తెలుపుల అమరిక ఒకదానికి ఉన్నట్టు ఇంకొకదానికి ఉండదు.

కెనడాలో శాస్త్రవేత్త మైకేల్ బిగ్ పని నాకు వీటన్నిటికంటే గొప్పది. పడమటి తీరంలో ఓర్కా తిమింగలాలను పట్టి అక్వేరియంలకు అమ్ముతున్న రోజులవి. అవి వేలల్లో ఉన్నాయని జనం అనుకునేవారు. 1971లో బిగ్ లెక్క తీయిస్తే కొన్ని వందలే తేలాయి. వీపు రెక్క మీది గంట్లు, దాని వెనక బూడిదరంగు పట్టీ చూసి ఒక్కొక్క ఓర్కానూ గుర్తుపట్టవచ్చని ఆయన అంటే మొదట చాలామంది నమ్మలేదు. ఏళ్ల తరబడి తీసిన నలుపు తెలుపు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, తల్లిని విడవని కుటుంబాలు బయటపడ్డాయి. అందం కోసం తీసినవి కావు ఆ ఫొటోలు. అయినా సముద్రజీవుల ఫొటోల్లో అంతటి మేలు చేసినవి అరుదు.

తిమింగల సొర అనే చేప వంతు తర్వాత వచ్చింది. దాని ఒంటి మీది తెల్ల చుక్కలను పోల్చడానికి జేసన్ హోమ్‌బర్గ్, జావెన్ అర్జుమానియన్, బ్రాడ్ నార్మన్ ఖగోళశాస్త్రంలో నక్షత్రాల పటాలు సరిపోల్చేందుకు 1986లో ఎడ్వర్డ్ గ్రోత్ రూపొందించిన గణన పద్ధతినే వాడుకుని, ఫలితాలను 2005లో ప్రచురించారు. మొప్పల వెనక, ఎడమ పక్క ఫొటో ఇందుకు కీలకం.

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో చిక్కుకున్న తిమింగల సొరను అటవీ సిబ్బంది, జాలర్లు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. మన దేశంలో 2001 నుంచి దాన్ని వేటాడటం నేరం. చుక్కలు స్పష్టంగా పడితే చాలు, సొర ఇలా ఒడ్డున చిక్కినప్పుడు జాలరి సెల్‌ఫోన్లో తీసిన ఫొటో కూడా ఈ పోలికకు పనికొస్తుంది.