ఉచిత ధ్రువపత్రపు పుట్టుపూర్వోత్తరములు

సొంత కంప్యూటరుపై వెబ్ అప్లికేషన్ నిలుపుకొన్నవానికి నేడు హెచ్‌టీటీపీఎస్ ధ్రువపత్రము పైసా వ్యయము లేకుండ చేతికి వచ్చుచున్నది. లాల్‌దర్వాజా గల్లీలో ఏ మేడగదియందో చిన్న యంత్రమును రాత్రింబవళ్లు నడుపుచు, దుకాణపు పద్దులనో యింటి ఛాయాచిత్రములనో దాచుకొను కుఱ్ఱవానికి ఇందు విశేషమేమియు తోచకపోవచ్చును. కాని దీని వెనుక ఇరువదియేండ్ల చరిత్ర కలదు.

నెట్‌స్కేప్ సంస్థ హెచ్‌టీటీపీఎస్‌కు ఆధారమైన ఎస్‌ఎస్‌ఎల్ అను పద్ధతిని 1995లో లోకమునకు విడిచెను. అంతకుముందటి తొలి కూర్పు లోపభూయిష్ఠమై గడప దాటనేలేదు. 1999లో అదియే టీఎల్‌ఎస్ అయ్యెను. మాటను గూఢముగ పంపుట యొక్కటే చాలదు, ఆవలివాడెవడో తెలియవలెను గదా! ఆ పూచీ వహించు సంస్థలు రుసుము గైకొని పత్రము లిచ్చుచుండెను. మన హైదరాబాదు నగరమునందే, లాల్‌దర్వాజాకు కొద్ది మైళ్ల దూరమున, మాసాబ్‌ట్యాంకు కడ 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టముక్రింద అనుజ్ఞ పొంది బ్యాంకులకు ధ్రువపత్రములు జారీచేసినది. బ్యాంకులకు రక్షణ కలిగెను. గల్లీలోనివాని సంకేతపదము మాత్రము తీగలపై బట్టబయలుగనే ప్రయాణము చేయుచుండెను.

ఉచితదాతలు అప్పటికిని లేకపోలేదు. ఇశ్రాయేలు దేశపు స్టార్ట్‌కామ్ ఊరకయే పత్రము లిచ్చెడిది; 2014 ఏప్రిలున హార్ట్‌బ్లీడ్ దోషము బయల్పడి పాతపత్రములను రద్దుచేయవలసివచ్చినపుడు మాత్రము రద్దునకు రుసుమడిగినది! ఆ యేడే జూలైలో మన ప్రభుత్వపు ఎన్‌ఐసీ ధ్రువీకరణ శాఖనుండి గూగుల్ పేర్లపై అనధికార పత్రములు వెలువడిన సంగతి వెల్లడికాగా, ఆ శాఖ అధికారపత్రములు రద్దయ్యెను. ధనము పుచ్చుకొన్నను, ప్రభుత్వము నిలుచున్నను, పూచీ పూర్ణము కాదని ఆ సంవత్సరము తేటపడినది.

జోష్ ఆస్, ఎరిక్ రెస్కోర్లా, పీటర్ ఎకర్స్‌లీ, అలెక్స్ హాల్డర్మన్ మొదలగువారి యత్నఫలమైన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ఉచిత ధ్రువీకరణ సంస్థ 2014 నవంబరు 18న ప్రకటింపబడి, 2015 సెప్టెంబరు 14న తొలి పత్రమును జారీచేసి, డిసెంబరు 3న సర్వజనులకు ద్వారము తెఱచెను. నా దృష్టిలో వీరి ఘనత ఉచితమునందుకంటె మనుష్యుని ప్రమేయము తొలగించుటయందు హెచ్చు. ఈ యిల్లు నాదేయనువానితో ‘అట్లయిన నేనిచ్చు ఈ గుర్తును నీ గుమ్మమునకు కట్టుము, వచ్చి చూచెదను’ అన్నట్లు, సర్టుబాట్ వంటి ప్రోగ్రాము వారిచ్చిన గుర్తుతో కూడిన చిన్న ఫైలును సైటులో నిర్ణీతస్థానమున నుంచును; వారి యంత్రము 80వ పోర్టున వచ్చి చూచి పత్రమిచ్చును. అక్మీ యను ఈ పద్ధతి 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8555గ ప్రమాణమయ్యెను. పత్రము చెప్పునది సైటు పేరెవరి అధీనమున నున్నదో మాత్రమే; వాని శీలమును గాదు. మోసగాండ్రకును ఇది దొరకును.

మేడగది కుఱ్ఱవానికి చిక్కు వేఱొకచోట వచ్చును. ఇండ్ల బ్రాడ్‌బ్యాండు కనెక్షన్లు పెక్కింటికి సొంత పబ్లిక్ ఐపీ యుండదు. ఒకే చిరునామాను పలు యిండ్లు పంచుకొనుటచే 80వ పోర్టు తట్టినను లోనికి వినబడదు. అపుడు డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు వ్రాసి చూపు మార్గము నాశ్రయింపవలెను. సాధారణ పత్రపు గడువు 90 దినములే. గడువు హెచ్చరికల ఈమెయిళ్లను సంస్థవారు 2025 జూనున మానివేసిరి గనుక, పునరుద్ధరణను క్రాన్‌జాబుకు అప్పగించి, అది నడచుచున్నదో లేదో ‘డ్రై రన్’ చేసి ముందే చూచుకొనవలెను.