సీసా మీద గాట్లు, డబ్బా మీద బొమ్మలు

సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు కలిపి ఇచ్చిన మిక్చరు తాగిన తరానికి ఒక కాగితం పట్టీ గుర్తుండే ఉంటుంది. సన్నటి తెల్ల కాగితాన్ని కత్తెరతో గాట్లు పడేలా కత్తిరించి, జిగురు రాసి సీసాకు నిలువుగా అంటించేవాడు. ఒక్కో గాటూ ఒక్కో డోసు. సీసా పట్టుకుని ఇంటికెళ్లిన మనిషికి అక్షరమ్ముక్క రాకపోయినా ఫరవాలేదు. మందు ఒక గాటు నుంచి కింది గాటుకు దిగేదాకా తాగితే చాలు. రోగికి మందు లెక్కను కంటికి చూపించే ఉపాయాల్లో ఇంత చవకైనది, ఇంత తికమక లేనిది మళ్లీ రాలేదేమో! మిక్చర్ల స్థానంలో మాత్రలు వచ్చాక ఆ పట్టీ కూడా కనుమరుగైంది.

అయితే గాటు కొలతే చెబుతుంది. ఏ పూట వేసుకోవాలో, తిన్నాక వేసుకోవాలో తినకముందో, ఎవరికి ప్రమాదమో చెప్పలేదు. అది చెప్పే పని బొమ్మల మీద పడింది. బొమ్మంటే ఎవరికైనా తెలుస్తుందని గీసేవాళ్లు నమ్మారు. ఆ నమ్మకమే పదేపదే దెబ్బతింది.

విషం సీసా మీద పుర్రె, ఎముకల గుర్తునే తీసుకోండి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిల్లలకు పుర్రె అంటే సముద్రపు దొంగలు, సాహసాలు, ఆటలు. పైగా ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పేరే పైరేట్స్. అందుకే 1971లో అక్కడి పిల్లల ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ మోరియార్టీ పుర్రెను పక్కనపెట్టి, నాలుక బయటపెట్టి ఛీ అంటున్న ఆకుపచ్చ మొహాన్ని తెచ్చాడు. దాని పేరు మిస్టర్ యక్. ఏ మొహం నచ్చలేదో పిల్లల్నే అడిగి ఎంచుకున్న బొమ్మ అది. అంత చేసినా, ఆ స్టిక్కరు పసిపిల్లల్ని సీసాల జోలికి పోకుండా ఆపలేకపోతోందని 1980లలో జరిగిన పరీక్షల్లో తేలింది.

పెద్దవాళ్ల మందుల కోసం అమెరికా ఫార్మకోపియా సంస్థ 81 బొమ్మల వరస తయారుచేసింది. అవి దేశదేశాలకూ వెళ్లాయి. దక్షిణాఫ్రికాలో రోడ్స్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అప్పట్లో గ్రాహమ్స్‌టౌన్, 2018 నుంచి మఖాండా. అక్కడ ఫార్మసీ విభాగానికి చెందిన రాస్ డౌస్, మార్టినా ఎలర్స్ ఈ బొమ్మల్ని పెద్దగా చదువుకోని ఖోసా ప్రజల ముందు పెట్టారు. పక్కనే ఆ ప్రజలతో కలిసి తాము గీయించిన బొమ్మలూ ఉంచారు. బొమ్మ పాసవ్వాలంటే నూటికి 85 మంది దాన్ని సరిగ్గా చెప్పాలన్నది అమెరికా ప్రమాణం. స్థానికంగా గీసినవాటిలోనే ఎక్కువ బొమ్మలు ఆ గీత దాటాయి. 2001లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మొండెం లేకుండా తల ఒక్కటే గీస్తే, బొమ్మలు చదవడం అలవాటు లేనివాడికి అది తెగిన తల. బాణం గుర్తూ, కొట్టివేత గీతా బడిలోనో రోడ్డు మీదో నేర్చుకుంటే వచ్చేవే తప్ప పుట్టుకతో వచ్చేవి కావు.

ఆ ఇద్దరూ అక్కడితో ఆగలేదు. క్లినిక్‌కు వచ్చిన 87 మంది ఖోసా రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు యాంటీబయాటిక్ మీద మాటల లేబులు, రెండో జట్టుకు మాటలతోపాటు బొమ్మలున్న లేబులు. నూటికి తొంభై వంతులకు మించి మందు సరిగ్గా వాడినవాళ్లు బొమ్మల జట్టులో 54 శాతం. మాటల జట్టులో 2 శాతం! 2005లో వెలువడిన ఈ అంకెల తర్వాత, బొమ్మలు అలంకారం కోసమే అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

అదే బొమ్మ తప్పు దారీ పట్టించగలదు. థాలిడోమైడ్ 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది. 1961లో వెనక్కి తీసుకునేలోపు, గర్భిణులు వాడిన కారణంగా వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ ఎదగకుండా పుట్టారు. కుష్టు రోగులకు వచ్చే ఒక తీవ్రమైన రియాక్షన్‌ను అది తగ్గిస్తుందని 1964లో జెరూసలేంలో యాకోబ్ షెస్కిన్ కనిపెట్టడంతో మందు మళ్లీ వాడుకలోకి వచ్చింది. బ్రెజిల్‌లో దాని పెట్టె మీద గర్భిణి బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టారు. గర్భిణులు వాడరాదని గీసినవాళ్ల భావం. కొందరు మాత్రం అది గర్భం రాకుండా చేసే మాత్ర అనుకున్నారు. బొమ్మను చూస్తే, అలా అనుకోవడంలో వాళ్ల తప్పేముంది?

మన దగ్గర బొమ్మ కూడా కాదు, ఉత్త గీత. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల స్ట్రిప్పు మీద ఎడమవైపు నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. యాంటీబయాటిక్‌లను ఇష్టమొచ్చినట్టు మింగవద్దని చెప్పడానికి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ గీతకు పెద్ద ఎత్తున ప్రచారమూ చేసింది. కానీ గీతను చూసి అర్థం ఊహించడం ఎవరి తరం? ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఆ పైన మందుల షాపులో రెండు మాత్రలు అడిగితే స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెడతారు. గీత, మందు పేరు, గడువు తేదీ ఏ ముక్కతో పోతాయో తెలియదు. ఈసారి మందులు కొన్నప్పుడు మీ చేతికొచ్చిన ముక్కను ఒకసారి తిరగేసి చూడండి.